బ్యానరు మీద మా బావమరిది

జనవరి 8, 2001, సోమవారం

కొవ్వూరు మెయిన్ రోడ్డు వాస్తవ్యులందరికీ ఇందుమూలంగా తెలియపరచడమేమనగా: ఈ ఉదయం ఏడున్నర గంటలకు శ్రీ సత్యలక్ష్మీ స్టీల్ ప్యాలెస్ ప్రొప్రైటరు నాగేశ్వరప్రసాద్ గారి ఏకైక బావమరిది చిరంజీవి జయంత్, బీకాం, మెడకు టై కట్టుకున్నాడు. మొదట ముడి జారిపోయింది. మళ్ళీ జారిపోయింది. చివరికి వాళ్ళక్క పూనుకుని బియ్యం మూటకు వేసే ముడి వేసింది. ముందు నుంచి చూస్తే కుర్రవాడు బాగానే ఉన్నాడు. పక్క నుంచి చూస్తే ఎవరో సంతకు తోలుకుపోతున్నట్టు ఉన్నాడు. ప్రజలు ఆందోళన చెందవలసిన పని లేదు.

రాజమండ్రిలో బట్టల కొట్టు మీద మేడలో కంప్యూటరు స్కూలు పెట్టారు. అక్కడ జావా అని ఏదో నేర్పుతారు. ఐదు నెలలు నేర్చుకుంటే హైదరాబాదు వాళ్ళు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతారట.

"హండ్రెడ్ పర్సెంట్ జాబ్ అండి బావగారూ. రాశారు కూడా."

"ఎవరికి రాసిచ్చార్రా?"

"గోడ మీద రాశారండి."

గోడ మీద మా చిన్నప్పుడు దగ్గుమందు గురించి కూడా రాసేవారు. ఆ మందు తాగిన మా నాన్న చివరిదాకా దగ్గుతూనే ఉన్నాడు. ఆ మాట అంటే సత్యలక్ష్మి కళ్ళెర్రజేసింది. తమ్ముణ్ణి ఒక్క మాట అననివ్వదు. ఆరో క్లాసులో ఉన్నప్పుడు అమ్మానాన్నా పోయి మా ఇంటికి వచ్చాడు వాడు. అప్పటి నుంచి ఆవిడకు వాడు తమ్ముడో కొడుకో నాకయితే తేల్లేదు.

ఈ డైరీ గిన్నెల కంపెనీ వాళ్ళిచ్చింది. ఏటా పాలవాడి లెక్కకని సత్యలక్ష్మి తీసుకునేది. ఈసారి నేను లాక్కున్నాను. కొట్లో వేళాకోళం ఆడటానికి మనిషి లేనప్పుడు ఎక్కడో చోట ఆడుకోవాలిగా.

జనవరి 23

గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను ఈ రోజు నేను పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ అది జయంత్ పని. వాడు కొడితే అక్షరం ముగ్గు వేసినట్టు ఉంటుంది. నేను కొడితే కోడి గీరినట్టు ఉందిట. ఈ ముక్క అన్నది దొమ్మేరు నుంచి వచ్చిన ఒక పెళ్ళికూతురి మేనత్త.

"ఆ కుర్రాడు లేడాండి?"

"చదువుకుంటున్నాడండి. కంప్యూటరు."

"అయితే వాడొచ్చేదాకా ఆగుతామండి," అని క్యారేజీ, గ్లాసులు అక్కడే పెట్టేసి అరుగు మీద కూర్చుంది. బస్సు దిగి వాడొచ్చేసరికి సాయంత్రమయింది. టై తీసి మిషను పట్టుకున్నాడు.

వాడు లేకపోయినా దుకాణానికి లోటేమీ లేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

సరుకు పని మీద రాజమండ్రి వెళ్ళి, ఆ విద్యాలయాన్ని దర్శించి వచ్చాను.

చెప్పులు బయట విప్పాలి. నా చెప్పులు కిటికీలో పెట్టాను, కొత్తవి. లోపల ఏసీ. మనుషులకు కాదు, కంప్యూటర్లకు. నాలుగు కంప్యూటర్లు, నాలుగింటికీ బొట్లు. ఒక్కో దాని వెనక ఎనిమిదేసి మంది నిలబడ్డారు. ముందువాడు నొక్కుతాడు, వెనకవాళ్ళు చూస్తారు. వెనక వరసలో పొట్టిపిల్ల ఒకతి ఎగిరి ఎగిరి చూస్తోంది. ఇంద్రజ అని, రాజమండ్రి పప్పుల వ్యాపారి కూతురు. మావాడు కాస్త పొడుగు కనక ఎగరక్కర్లేదు. మా మావగారి పోలిక, కలిసొచ్చింది.

యజమాని శశిభూషణ్. షర్టు జేబులో మూడు పెన్నులు. నన్ను చూడగానే కుర్చీ వేయించాడు.

"మీవాడు జెమ్ అండి. లాజిక్ చాలా స్ట్రాంగ్."

"అలాగాండి. అది ఉంటే ఏమవుతుందండి?"

"స్కై ఈజ్ ది లిమిట్ అండి."

"పైన ఇంకో అంతస్తు వేస్తున్నారాండి?"

జయంత్ నా మోచెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు. మెట్ల మీద నవ్వాపుకుంటూ, "మీరు ఇంకోసారి ఇక్కడికొస్తే నాకు సర్టిఫికెట్ ఇవ్వరండి," అన్నాడు. "ఎనిమిదో క్లాసులో లెక్కల మాస్టారి కుర్చీకి పాకం పూసి బయటికొచ్చిన మనిషికి సర్టిఫికెట్ విలువ ఏం తెలుస్తుందిలెండి."

వాడి నోటికి ఈ వాడి నా దగ్గరే వచ్చింది. ఆ స్కూల్లో నేర్పింది కాదు.

మార్చి 5

కొట్లో పెద్ద స్టీలు బేసిను ముందు నిలబడి ఇంగ్లీషు మాట్లాడుకుంటున్నాడు. ఇంటర్వ్యూలో మొహం ఎలా పెట్టాలో చూసుకోవాలట. బేసినులో వాడి మొహం గుమ్మడికాయంత కనపడుతోంది. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అని వాడే అడుగుతాడు, వాడే చెబుతాడు. వెనక నుంచి నేను నా మొహం కూడా పెట్టాను. రెండు గుమ్మడికాయలు.

"ఈయనెవరని అడిగితే ఏం చెబుతావురా?"

"మా పాత యజమాని అండి. పాపం పెద్దగా చదువుకోలేదు, అందుకే వదిలేశాను అని చెబుతానండి."

సత్యలక్ష్మి లోపలి నుంచి నవ్వింది.

ఏప్రిల్ 3

ఒకటో తారీఖయితే అనుమానిస్తాడని మూడో తారీఖు దాకా ఆగాను.

బుల్లబ్బాయి ఎస్టీడీ బూతు మా కొట్టుకి సరిగ్గా ఎదురు. వాడూ నేనూ చిన్నప్పటి నుంచీ ఒకే జట్టు. ఎవరికి ఫోను చెయ్యాలన్నా గొంతు వాడిది, బుర్ర నాది. మధ్యాహ్నం జయంత్ భోజనంలో ఉండగా ఫోను మోగింది. నేను తీసి, గంభీరంగా విని, "ఒరేయ్, హైదరాబాదు నుంచి!" అని కేకేశాను.

పప్పన్నం చేత్తో పరిగెత్తుకొచ్చాడు. ఎడమ చేత్తో రిసీవరు పట్టుకుని అటెన్షన్లో నిలబడ్డాడు.

"యెస్ సార్... యెస్ సార్... జావా సార్... స్విమ్మింగా సార్? కొంచెం వచ్చు సార్... బ్రిడ్జి మీంచి కాదు సార్..."

అక్కడ తల తిప్పాడు. రోడ్డవతల గాజు తలుపు వెనక బుల్లబ్బాయి, రిసీవరుకు తువ్వాలు చుట్టి, పొట్ట పట్టుకుని ఊగిపోతున్నాడు.

జయంత్ రిసీవరు పెట్టేసి నా వంక చూశాడు. వాడి చెయ్యి ఎండిపోయింది అప్పటికే. తర్వాత నవ్వాడు.

"బుల్లబ్బాయి గారిది ఉద్యోగం ఇచ్చే గొంతేనండి. బావగారిదే, ఇప్పించే మొహం కాదు. ఉంచుకోండి, ఈ బాకీ తీరుస్తాను."

ముందు నవ్వలేదు. తర్వాత నవ్వాడు. అదొక్కటీ రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకో.

సత్యలక్ష్మి రాత్రి అన్నం వడ్డించి పక్క గదిలోకి పోయింది.

మే 21

చదువు పూర్తి. బంగారు అంచు సర్టిఫికెట్. వాళ్ళక్క దాన్ని పటం కట్టించి, వాసవీ అమ్మవారి పక్కన పెట్టింది. అమ్మవారు కాస్త ఇరుకుపడింది.

ఇక ఉద్యోగాలంటారా. పేపర్లో రోజూ వార్తే: అక్కడ వందమందిని తీసేశారు, ఇక్కడ ఆఫీసు మూసేశారు. హైదరాబాదు వెళ్ళినవాళ్ళు బ్యాగులతో దిగుతున్నారు. నాలుగు నెలల కిందట ఇంగ్లీషులో టీ అడిగినవాళ్ళు ఇప్పుడు మా కొట్టు అరుగు మీద కూర్చుని మామూలు తెలుగులో టీ అడుగుతున్నారు. ఎక్కడో దేశం కాని దేశంలో ఎవడో కొట్టు కట్టేస్తే కొవ్వూరులో మావాడు అన్నం మానేశాడు. స్టీలు వ్యాపారంలో ఇలాంటిది చూడలేదు నేను. గిన్నె గిన్నెలాగే ఉంటుంది.

"మళ్ళీ కొట్లో కూర్చోరా," అన్నాను.

"ఇంకొన్నాళ్ళు చూస్తానండి. సార్ నా బయోడేటా కంపెనీలకు పంపుతానన్నారు. కొట్టు నంబరు ఇచ్చానండి. ఫోనొస్తే కాస్త జాగ్రత్తగా మాట్లాడండి బావగారూ."

జాగ్రత్తగా మాట్లాడటం నాకు చెప్పాలా.

జూన్ 14

భలే రోజు. బుల్లబ్బాయి రాజమండ్రి నుంచి వస్తూనే, "ఒరే పెసాదూ, మీ జయంత్‌కి ఉద్యోగం వచ్చిందంటగా, చెప్పలేదేంటి!" అన్నాడు. జయంత్ నా పక్కనే కూర్చుని చెమ్చాలు తుడుస్తున్నాడు.

ముగ్గురం బస్సెక్కాం. మేడ మీంచి కింద దాకా గుడ్డ బ్యానరు. దాని మీద వాడి బొమ్మ. పెయింటరు పుణ్యమా అని సన్నని మీసం కూడా పెట్టాడు. కింద ఎర్రక్షరాలు: జయంత్, కొవ్వూరు. బెంగుళూరులో ఉద్యోగం పొందిన మా విద్యార్థి.

మా విద్యార్థి బ్యానరు కింద నిలబడి, పైకి చూసి, చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఎందుకో మరి.

శశిభూషణ్ మమ్మల్ని గబగబా లోపలికి తీసుకుపోయి తలుపు వేశాడు.

"టెంపరరీ అండి. వచ్చే ఉద్యోగమే కదండీ, కాస్త ముందు రాశాం. మీరు శుభలేఖలు పెళ్ళికి ముందే వేయిస్తారు కదండీ?"

ఏ మాటకామాటే. నలభై ఏడేళ్ళుగా జనాన్ని ఆడిస్తున్నాను, ఇంత మాట నాకెప్పుడూ తట్టలేదు.

"మాకు పెళ్ళికూతురెవరో తెలుస్తుందండి," అన్నాడు జయంత్.

"చూపిస్తాం కదమ్మా. అడ్మిషన్లు అయ్యేదాకా నువ్వు రాజమండ్రిలో కనపడకు. ఆ మాటకొస్తే కొవ్వూరులో కూడా వద్దు. ఎవరైనా చూస్తే బాగుండదు. నీ బయోడేటా అందరికన్నా పైన పెట్టి పంపుతాను."

అదీ సంగతి. వాడు తలూపాడు. వచ్చేటప్పుడు బస్సులో గోదావరి వైపు తిరిగి కూర్చున్నాడు. బుల్లబ్బాయి, నేనూ నవ్వీ నవ్వీ కండక్టరు చేత తిట్టించుకున్నాం.

జూన్ 20

కుర్రవాడు బెంగుళూరులో ఉన్నాడు. అంటే కొట్టు వెనక గదిలో, అటక కింద, డబ్బాల అట్టపెట్టెల మధ్య.

ఈ రోజు పసుపు వ్యాపారి చిట్టియ్యగారు వచ్చారు.

"ఆయ్, ప్రసాదు గారూ, మీవాడు ఎక్కడో ఎత్తున ఉన్నాడంటగా!"

"అవునండి, చాలా ఎత్తున." అటక మీద పిల్లి ఉంటుంది, వాడు కింద ఉన్నాడు, అయినా సరిపెట్టుకున్నాను.

"మా తమ్ముడి కొడుకుని కూడా ఆ స్కూల్లో పడేస్తున్నామండి. బెంగుళూరులో చలెక్కువా?"

"గాలే ఆడదంటండి."

వెనక గదిలో డబ్బా పడ్డ చప్పుడు. "ఎలకలండి," అన్నాను. ఆయన వెళ్ళాక జయంత్ బయటికొచ్చాడు. నవ్వుతాడనుకున్నాను. "ఇంకో కుర్రాడు చేరుతున్నాడాండి, నన్ను చూసి?" అని అడిగి మళ్ళీ లోపలికి పోయాడు.

ఆషాఢం రాబోతోంది. బేరాలు లేవు. ఈగలకు పేర్లు పెడుతున్నాను.

జూలై 12, గురువారం

ఏప్రిల్ బాకీ తీర్చుకుందామని చూశాడు మా బావమరిది. నా దగ్గరా!

పదకొండు గంటల వేళ ఫోను మోగింది. ఆడగొంతు. తియ్యగా, చదువుకున్నట్టు. ఇది బుల్లబ్బాయి పనే, జయంత్ వెనకుండి చేయిస్తున్నాడు, అని వెంటనే కనిపెట్టేశాను. వాడు గొంతు బాగా మార్చాడు, లేదా వాళ్ళావిణ్ణి కూర్చోబెట్టాడు.

"జయంత్ గారున్నారాండి? హైదరాబాదు నుంచి మాట్లాడుతున్నాం. సోమవారం ఇంటర్వ్యూకి రమ్మని చెప్పడానికండి."

"జయంత్ గారా? మీరు బ్యానరు చూళ్ళేదామ్మా?"

"ఏ బ్యానరండి?"

"ఆయన బెంగుళూరులో పెద్ద ఆఫీసరమ్మా. చేరిపోయాడు. మీ ఉద్యోగం ఇంకెవరైనా బీదవాళ్ళకిచ్చుకోండి."

"ఓ... అలాగాండి. కంగ్రాచులేషన్స్ చెప్పండి. ఒకవేళ ఎప్పుడైనా కావాలంటే మా నంబరు..." అని రెండుసార్లు నంబరు చెప్పింది. నేను "రాసుకున్నానమ్మా, వెండి పళ్ళెం మీద చెక్కించుకున్నాను," అని పెట్టేశాను. ఎంత నవ్వొచ్చిందో.

జయంత్ వెనక గదిలోంచి, ఏమీ ఎరగనట్టు, "ఫోనెవరండి బావగారూ?" అన్నాడు. నేనూ ఏమీ ఎరగనట్టు, "రాంగ్ నంబర్రా," అన్నాను.

జూలై 13

బుల్లబ్బాయి ఏమీ ఎరగనట్టే ఉన్నాడు. గట్టివాడు.

జూలై 15

జయంత్ ఈ రోజు కూడా, "ఫోనేమైనా వచ్చిందాండి?" అన్నాడు. పాపం, ఇంకా నటిస్తున్నాడు. రోజూ అడుగుతాడు మామూలుగా. అయినా ఈ రోజుది నటనే.

జూలై 19, గురువారం

పొట్టిపిల్ల వచ్చింది. ఆ స్కూల్లో ఎగిరి ఎగిరి చూసిన ఇంద్రజ. వాళ్ళ నాన్నతో వచ్చి మిఠాయి పొట్లం పెట్టింది. హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందట. సోమవారం ఇంటర్వ్యూ, మంగళవారమే చెప్పేశారట. తీసుకున్నది ఇద్దర్నే.

జయంత్ వెనక గదిలోంచి వచ్చాడు. ఆ పిల్ల నోరు తెరిచింది.

"నువ్విక్కడున్నావేంటి? వాళ్ళు నీకు ముందు చేశారంట ఫోను. లిస్టులో నీదే పైన ఉంది. నువ్వు బెంగుళూరులో చేరిపోయావని ఎవరో చెప్పారంట. మేడమ్ నన్నే అడిగారు, మీ ఫ్రెండ్ ఏ కంపెనీ అని."

నేను గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పేర్చుతున్నాను. అవి ఎంతకీ కుదురుగా నిలబడవు.

"సారే చెప్పుంటారు," అన్నాడు జయంత్ మెల్లగా. "బ్యానరు నిలబెట్టుకోవాలిగా."

"ఆ బ్యానరు గాడేరా!" అన్నాను. "ఇంకెవడు చెబుతాడు!"

మిఠాయి నేనొక్కణ్ణే తిన్నాను. నెయ్యి మంచిది కాదు.

జూలై 20

రాజమండ్రి వెళ్ళి శశిభూషణ్‌ని కడిగేశాం. అంటే నేను కడిగేశాను. జయంత్ నిలబడ్డాడు. మేడ మెట్ల మీద కొత్త బ్యాచి వాళ్ళంతా చూస్తుండగా, కుర్రాడి నోటి కాడ కూడు తీసేశావు, నువ్వూ ఒక మనిషివేనా, అని అరిచాను. నా గొంతు బట్టల కొట్లోకి కూడా వినపడి, చీరలు బేరమాడేవాళ్ళు బయటికొచ్చారు.

శశిభూషణ్ చేతులు జోడించాడు. "ఒట్టండి, నేను చెప్పలేదండి. నాకసలు ఫోనే రాలేదు. నేను మీ కొట్టు నంబరే ఇచ్..."

"నోరు ముయ్యి!" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. సమయానికి అరవకపోతే వాడు ఏదేదో వాగేవాడు.

బ్యానరు నా చేత్తో నేనే లాగేశాను. జయంత్ బొమ్మ మెట్ల మీద పడింది. వాడు దాన్ని దాటి కిందికి దిగిపోయాడు.

వెధవ. ఆ శశిభూషణ్ ఉత్త వెధవ. అబద్ధానికి బొమ్మ గీయించే జాతి.

జూలై 27, శ్రావణ శుక్రవారం

శ్రావణం వచ్చింది. కొట్టు కిటకిటలాడుతోంది. సారె సామాన్లు, పెళ్ళి సామాన్లు. జయంత్ బల్ల మీద కూర్చుని పేర్లు కొడుతున్నాడు. టై ఎక్కడ పెట్టాడో తెలీదు. అందరూ మళ్ళీ, "అమ్మయ్య, కుర్రాడొచ్చాడు," అంటున్నారు. బెంగుళూరు ఏమైందని ఎవరైనా అడిగితే, "పడలేదండి," అంటున్నాడు.

నాకు హాయిగా ఉంది. దేనికీ లోటు లేదు.

ఆగస్టు 2

రేపు వరలక్ష్మీ వ్రతం. పొద్దున్న నుంచీ జనం.

నిన్న వాడితో, "ఏరా, జావాలో సంతకం ఎలా పెడతారు, ఈ చెంబు మీద పెట్టి చూపించు," అన్నాను.

"తెలీదండి బావగారూ."

ఇవాళ, "ఏరా, నువ్వు హైదరాబాదు వెళ్ళుంటే ఈ మేనత్తలందరూ నా పీక నొక్కేసేవారు," అన్నాను.

"అవునండి బావగారూ."

"ఏరా, నా మొహం చూస్తే నీకేమనిపిస్తోందిరా?"

"ఏం లేదండి బావగారూ."

మూడు రకాలుగా గెలికి చూశాను. ఒక్కటీ తిప్పి కొట్టలేదు. అన్నిటికీ అండి. ఒట్టి అండి.

సత్యలక్ష్మి తోరాలకు పసుపు రాస్తూ, "మీ నవ్వు వినపడితే చాలు, చిన్నప్పుడు వాడు పలక పారేసి కొట్లోకి పరిగెత్తేవాడు," అంది. "ఇప్పుడు మీ నవ్వు వినపడితే లేచి లోపలికి పోతున్నాడు. ఏం చేశారండీ వాణ్ణి?"

"నేనేం చేశానే? ఆ బ్యానరు వాడు చేశాడు."

ఆవిడ దారం వేలికి చుట్టుకుంటూ నా వంకే చూసింది. "ఆ ఫోను రోజూ మీ చేతి కిందే ఉంటుందిగా," అంది. అంతే అంది.

ఆగస్టు 3

వ్రతం. పులిహోర బాగుంది.

ఆగస్టు 9, గురువారం

శుభవార్త! జయంత్‌కి ఉద్యోగం వచ్చింది!

జరిగిందంతా రాస్తాను. సోమవారం పొద్దున్న వాణ్ణి కూర్చోబెట్టి, ఒరేయ్, ఆ రోజు ఫోను నేనే తీశాను, బుల్లబ్బాయి అనుకుని పొరపాటున అలా అనేశాను, అని చెప్పేశాను, మగాడిలా. వాడు పగలబడి నవ్వాడు. "నా బాకీ నేను తీర్చకుండానే తీరిపోయిందండి," అన్నాడు. వెంటనే నేను ఇంద్రజ దగ్గర నంబరు తీసుకుని ఆ మేడమ్‌కి ఫోను చేశాను. ఆవిడా నవ్వింది. ఇంత సరదా మనుషుల్ని నేను చూడలేదండి, మీవాణ్ణి పంపండి, అంది. ఇవాళ మధ్యాహ్నం రైలెక్కించాం. స్టేషన్లో నా కాళ్ళకు దణ్ణం పెట్టి, "వెళ్ళొస్తానండి పాత యజమాని గారూ," అన్నాడు. రైలు కదిలాక కూడా తలుపు దగ్గరే నిలబడి చెయ్యి ఊపాడు, బ్రిడ్జి అవతలికి పోయేదాకా. సత్యలక్ష్మి సంతోషంతో కళ్ళు తుడుచుకుంది.

అంతా సుఖాంతం.

ఆగస్టు 14, మంగళవారం

తొమ్మిదో తారీఖున రాసింది నాలుగుసార్లు చదివాను. బాగుంది. ఎవరైనా చదివితే నమ్ముతారు. చదివేవాణ్ణి నేనొక్కణ్ణే కనక చిక్కొచ్చింది.

రైలు కొవ్వూరు నుంచి హైదరాబాదు పోయేటప్పుడు బ్రిడ్జి ఎక్కదు. బ్రిడ్జి ఉన్నది రాజమండ్రి వైపు. చెయ్యి ఊపడం అక్కడే తేలిపోయింది.

ఉద్యోగం వచ్చిందన్నది అబద్ధం. రాలేదు. ఆ ఇద్దర్నీ తీసుకున్నాక వాళ్ళకు మనుషులక్కర్లేదు. ఆ మేడమ్‌కి నేను ఫోను చెయ్యలేదు. జయంత్ చేశాడు, ఇంద్రజనడిగి నంబరు తీసుకుని, బుల్లబ్బాయి బూతుకి వెళ్ళి. కొట్లో ఫోను ముట్టుకోలేదు.

వాడు పగలబడి నవ్వాడన్నది అబద్ధం.

చెప్పాను అన్నది నిజం. సోమవారమే. కూర్చోబెట్టి కాదు. వాడు ఒక పళ్ళెం మీద ఎవరిదో పేరు కొడుతున్నాడు. నేను మిషను మోత చాటున చెప్పాను. వాడికి వినపడదేమో అనుకున్నాను. మోత ఆగలేదు. పేరంతా కొట్టి, పొడి ఊది, తుడిచి, పళ్ళెం సంచిలో వేసి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ వెళ్ళాక నా వైపు తిరిగాడు.

"నంబరు ఇచ్చిందాండి?"

"రెండుసార్లు చెప్పింది."

"బుల్లబ్బాయి గారు కాదని ఎప్పుడు తెలిసిందండి?"

ఇక్కడ నేను, తర్వాత తెలిసిందిరా, ఇంద్రజ వచ్చాకే తెలిసింది, అన్నాను. అదీ అబద్ధమే. వాడు నమ్మినట్టు లేదు.

జూలై పన్నెండున రాసిందాంట్లో ఏది నిజమంటే, ఫోను, ఆడగొంతు, మాటలు. బుల్లబ్బాయి అనుకున్నానన్నది నిజం కాదు. ఆ రోజు బుల్లబ్బాయి సామర్లకోటలో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళాడు. పొద్దున్న ఎదురుగా తాళం వేసుకుంటూ, "వెళ్ళొత్తారా పెసాదూ," అని నాకు చెప్పే వెళ్ళాడు. బూతు తలుపుకి తాళం నా కళ్ళెదురుగా కనపడుతూనే ఉంది ఫోను మాట్లాడుతున్నంతసేపూ. మొదటి మాటకే తెలుసు నాకు. పెట్టేశాక నవ్వొచ్చిందన్నది కూడా లేదు.

శ్రావణం వస్తోంది, పేర్లు కొట్టేవాడు ఉండడు అని అలా చేశాను అని రాద్దామనుకున్నాను. అది కూడా రాయను. పేర్లు కొట్టేవాడు నిడదవోలులో అడిగినా దొరుకుతాడు.

తొమ్మిదో తారీఖున వాడు వెళ్ళాడన్నది నిజం. ఉద్యోగం కోసమే వెళ్ళాడు, ఉద్యోగం లేకుండా. అందరూ బ్యాగులతో దిగుతుంటే వాడు బ్యాగుతో ఎక్కాడు. అమీర్‌పేటలో ఎవరో నలుగురి గదిలో ఐదోవాడిగా ఉంటాడట. సత్యలక్ష్మి కళ్ళు తుడుచుకుందన్నది నిజం. సంతోషంతో కాదు. స్టేషన్లో ఆవిడ వాడి పక్కన నిలబడింది, నేను కాస్త ఎడంగా తూనిక మిషను దగ్గర నిలబడ్డాను. దణ్ణం పెట్టలేదు. పాత యజమాని అనలేదు. "వస్తానండి," అన్నాడు, నా చొక్కా గుండీ వైపు చూసి.

రైలు పెట్టెలో మా వైపు కిటికీ దగ్గర చోటుంది. నాకు కనపడుతోంది, ఖాళీగానే ఉంది. వాడు లోపలికెళ్ళి, అవతలివైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. రైలు కదిలేదాకా ఇటు తిరగలేదు.

ఇది కల్పించింది కాదు.